లూర్ రంగు ఏది కట్టాలి: నీళ్లు, వెలుతురు, చేప చూసే దిక్కు

మీరడిగింది ఇది: చేపలు పట్టే పెట్టెలో ఇరవై రంగుల లూర్లున్నాయి (లూర్ అంటే చేపను రప్పించే కృత్రిమ ఎర). నీళ్లు ఒకరోజు అద్దంలా ఉంటాయి, వాన పడ్డాక బురద తిరుగుతాయి. పొద్దున్నే ఒక వెలుతురు, మబ్బు కమ్మితే ఇంకో వెలుతురు. ఎప్పుడు ఏ రంగు కట్టాలి? పైగా లోతుకు వెళ్తే ఎరుపు మాయమైపోతుందంటారు కదా, మరి ఎర్ర లూర్ కొనడం దండగేనా?

రెండో ప్రశ్నకు ముందు జవాబు చెప్తాను. అది తేలితే మొదటిది సగం తేలినట్టే. ఎరుపు మాయం కాదు, నల్లబడుతుంది. లూర్‌కు సొంత వెలుతురు లేదు. తన మీద పడిన వెలుతురులో కొంత మింగేసి, మిగిలింది వెనక్కి కొడుతుంది. ఆ వెనక్కి కొట్టినదాన్నే మనం రంగు అంటున్నాం. ఎర్ర వెలుతురు చేరని చోట ఎర్ర లూర్ దగ్గర వెనక్కి కొట్టడానికి ఏమీ ఉండదు. అందుకే ముదురు బూడిద రంగులోనో నల్లగానో కనిపిస్తుంది. వెనక నీళ్లు వెలుతురుగా ఉంటే ఆ నలుపు చేపకు బాగానే ఆనుతుంది. కాబట్టి ఎర్ర లూర్ దండగ కాదు, కాకపోతే లోతులో మీరు వాడుతున్నది నల్ల లూర్ అని తెలిసి వాడాలి.

లెక్క చూడండి. మలినం లేని నీళ్లలో ముదురు ఎరుపు వెలుతురు (అల పొడవు 700 నానోమీటర్ల దగ్గరిది) మీటరుకు దాదాపు 45 శాతం పోతుంది. 3 మీటర్లు దాటేసరికి ఆరో వంతు, 5 మీటర్లు దాటేసరికి నూటికి ఐదు కూడా మిగలదు. నారింజ రంగు (600 నానోమీటర్లు) మీటరుకు సుమారు 20 శాతం పోతుంది, 5 మీటర్ల దగ్గర మూడో వంతు ఉంటుంది. నీలం మీటరుకు ఒకటి రెండు శాతం కూడా పోదు. ఇది శుద్ధమైన నీళ్ల లెక్క. చెరువుల్లో, నదుల్లో అంతకన్నా త్వరగా పోతుంది.

ఈ లెక్కలో చాలామంది తప్పే చోటు ఒకటుంది. "నా లూర్ మీటరు లోతులోనే నడుస్తుంది, నాకు ఎరుపు పోదు" అనుకుంటారు. వెలుతురు పై నుంచి లూర్ దాకా వచ్చి ఆగిపోదు, లూర్ నుంచి చేప కంటి దాకా కూడా నీళ్లలోనే వెళ్లాలి. లూర్ 1 మీటరు లోతులో ఉండి, చేప 4 మీటర్ల పక్కన ఉంటే ఆ ఎరుపు 5 మీటర్ల నీళ్లు దాటినట్టే. దూరం నుంచి నల్లగా కనిపించి, దగ్గరికొచ్చే కొద్దీ ఎర్రబారుతుంది.

ఇక నీళ్ల రకాలు. "నీలం అన్నిటికన్నా లోతుకు వెళ్తుంది, ఎరుపు ముందు పోతుంది" అనే మాట తేట సముద్రపు నీళ్లకూ, బాగా తేటగా ఉన్న లోతైన సరస్సులకూ సరిపోతుంది. అదే సూత్రాన్ని ప్రతి చెరువుకూ అంటగట్టడంతోనే గందరగోళమంతా మొదలవుతుంది. పాచి వల్ల పచ్చగా ఉన్న నీళ్లలో నీలాన్నీ ఎరుపునూ పాచి మింగేస్తుంది, పసుపు కలిసిన ఆకుపచ్చ వెలుతురు ఎక్కువ లోతుకు చేరుతుంది. ఆకులు, గడ్డి కుళ్లి టీ డికాషన్ రంగుకు తిరిగిన నీళ్లలో లెక్క తలకిందులవుతుంది. అక్కడ ముందు పోయేది నీలం. మిగిలేది పసుపు, నారింజ, ఎరుపు. అలాంటి నీళ్లలో నీలం లూర్ కడితే అది నలుపే. అక్కడ బంగారు రంగు, రాగి రంగు, నారింజ రంగు వెలుగుతాయి. డికాషన్ నీళ్లలో వెండి బ్లేడు (లూర్ మీద తిరిగే లోహపు రేకు) పెట్టి పనిచేయలేదనేవాళ్లు అదే లూర్‌కు రాగి బ్లేడు మార్చి చూస్తే తేడా తెలుస్తుంది.

బురద వేరు. డికాషన్ నీళ్లు రంగు మార్చినా పారదర్శకంగానే ఉంటాయి, గ్లాసులో ముంచితే అవతల వేలు కనబడుతుంది. బురద నీళ్లలో మట్టి రేణువులు వెలుతురును అటూ ఇటూ చెదరగొడతాయి, దాంతో చూపు దూరమే పడిపోతుంది. అక్కడ ఏ రంగు అన్నది రెండో మాట, ఎంత దూరం నుంచి ఆనుతుందన్నది మొదటి మాట.

అందుకని ఒడ్డుకు చేరగానే మొదటి పని కొలవడం. తెల్ల లూర్ ఒకటి తీసి రాడ్ కొస నుంచి నిలువుగా నీళ్లలోకి దింపండి, నీడ ఉన్న వైపు దింపితే మేలు. తెలుపు కంటికి ఆనకుండా పోయిన చోట లైన్‌ను నీటి మట్టం దగ్గర వేళ్లతో పట్టుకుని పైకి లాగి, లూర్ దాకా ఎంతుందో చూడండి. 1865లో ఇటలీకి చెందిన ఆంజెలో సెక్కి తెల్ల పళ్లెం దింపి సముద్రపు తేటదనం కొలిచిన పద్ధతి ఇదే, ఇప్పటికీ శాస్త్రవేత్తలు వాడుతున్నారు. 30 సెంటీమీటర్ల లోపే మాయమైతే బురద నీళ్లు. 30 సెంటీమీటర్ల నుంచి మీటరు దాకా మసక నీళ్లు. మీటరు నుంచి రెండున్నర మీటర్ల దాకా ఓ మోస్తరు తేట. అంతకు మించి కనిపిస్తే తేట నీళ్లు. ఈ హద్దులు చేపలు పెట్టినవి కావు, మన వీలు కోసం పెట్టుకున్నవి. కొలిచేటప్పుడు నల్ల కళ్లద్దాలు తీసేయండి. గోధుమ రంగు అద్దాల్లోంచి చూస్తే ఏ నీళ్లయినా డికాషన్‌లానే ఉంటాయి.

రంగుకన్నా ముందు చూడాల్సింది ఎంత తెలుపు, ఎంత నలుపు అన్నది. దీన్ని నమ్మించడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. పుస్తకాలకు అట్టలు వేసే ఆకుపచ్చ సెల్లోఫేన్ కాగితం ఒకటి రెండు పొరలుగా మడిచి కంటికి అడ్డం పెట్టుకుని, మీ పెట్టె తెరిచి చూడండి. ఎర్ర లూర్లు, ముదురు ఊదావి, నల్లవి, ముదురు నీలానివి అన్నీ ఒకే నల్ల కుప్పగా కలిసిపోతాయి. తెలుపు, పసుపు, లేత ఆకుపచ్చ మరో కుప్పగా వెలుగుతాయి. మధ్యలో రెండో మూడో బూడిద రంగులు మిగులుతాయి. పచ్చ నీళ్లలో నాలుగైదు మీటర్ల దూరం నుంచి చేపకు కనిపించేది దాదాపు అదే. ఇరవై రంగులున్నాయనుకున్న పెట్టెలో నిజానికి నాలుగైదు రకాలే ఉన్నాయని అప్పుడు తెలుస్తుంది. సెల్లోఫేన్ దొరక్కపోతే ఫోన్లో నలుపు తెలుపు ఫొటో తీసినా కొంత తెలుస్తుంది, కాకపోతే అందులో ఎరుపు ఉండాల్సినదానికన్నా తేలిగ్గా పడుతుంది.

చేప కళ్లు కూడా మన కళ్లు కావు. లార్జ్‌మౌత్ బాస్ అనే మంచినీళ్ల వేట చేప మీద ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం వాళ్లు చేసి 2019లో ప్రచురించిన పరిశోధనలో తేలిందేమిటంటే, దాని కంట్లో రెండే రకాల రంగు కణాలున్నాయి. ఒకటి పచ్చకూ (535 నానోమీటర్ల దగ్గర), ఇంకొకటి ఎరుపుకూ (614 దగ్గర) స్పందిస్తుంది. ఎరుపునూ ఆకుపచ్చనూ అది బాగా గుర్తుపడుతుంది. షార్ట్రూజ్‌ను, అంటే నిమ్మపండుకూ చిలకపచ్చకూ మధ్య ఉండే ఆ మెరుపు రంగును, తెలుపు నుంచి విడదీయలేకపోయింది. ముదురు నీలాన్ని నలుపు నుంచి విడదీయలేకపోయింది. కాబట్టి ఆ చేప కోసం వెళ్తూ "తెలుపు పనిచేయట్లేదు, షార్ట్రూజ్‌కు మారుద్దాం" అంటే మార్పు మీకే, దానికి కాదు. స్క్విడ్ సంగతి ఇంకా విచిత్రం. చాలా రకాల స్క్విడ్‌లకు కంట్లో ఒకే వర్ణకం ఉంటుంది, రంగు అనేదే తెలియదు. అయినా వాటి కోసం చేసే జిగ్‌లు (పైకీ కిందికీ గెంతించే బరువు లూర్లు) ఎన్ని రంగుల్లో వస్తాయో చూడండి. స్క్విడ్‌కు ఆనేది తెలుపు నలుపుల తేడా, మెరుపు. మిగతా రంగులన్నీ కొనేవాళ్ల కళ్ల కోసం.

అన్ని చేపలకూ ఇదే వర్తిస్తుందని కాదు. నీలం సముద్రంలో తిరిగేవాటి కళ్లు నీలం, నీలిపచ్చల వైపు మొగ్గి ఉంటాయి, మంచినీళ్ల చేపల కళ్లు పచ్చ, ఎరుపుల వైపు. ఏ నీళ్లలో ఏ వెలుతురు మిగులుతుందో ఆ వెలుతురుకు తగ్గట్టే అక్కడి చేప కన్ను ఉంటుంది. ఇది గుర్తుంటే చాలు.

చేప ఎటు నుంచి చూస్తోందన్నది రంగుల గురించి రాసేవాళ్లు దాదాపు వదిలేసే విషయం, నా దృష్టిలో అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చేది ఇదే.

నీటి పైన తేలే లూర్లు తీసుకోండి: పాపర్లు, కొర్రమీనుకు వాడే రబ్బరు కప్పలు. కింద ఉన్న చేప తలెత్తి చూస్తే ఆకాశమంతా ఒక గుండ్రటి కిటికీలో ఇమిడిపోయి కనిపిస్తుంది. ఆ కిటికీ కోణం సుమారు 97 డిగ్రీలు. చేప 1 మీటరు లోతులో ఉంటే నీటి మట్టం దగ్గర కిటికీ వెడల్పు 2.3 మీటర్లు, 3 మీటర్ల లోతులో ఉంటే దాదాపు 6.8 మీటర్లు. కిటికీకి అవతల నీటి పైభాగం లోపలి నుంచి అద్దంలా ఉండి, అడుగునూ నీళ్లనూ ప్రతిబింబిస్తుంది. ఆకాశం అంత వెలుతురు వెనక ఉంటే లూర్ ఏ రంగుదైనా చేపకు ముదురుగానే కనిపిస్తుంది. వీపు మీద ఎంత అందంగా చుక్కలు, చారలు వేసినా అవి చేపకు కనబడవు, కనబడేది పొట్టే. అందుకే తేలే లూర్ కొనేటప్పుడు తిరగేసి పొట్ట చూసి కొనండి. తేట నీళ్లు, మంచి ఎండ ఉంటే తెల్ల పొట్టదో, వెలుతురు కాస్త దూరే పారదర్శకపు ఒళ్లు ఉన్నదో తీసుకోండి, ఆకారం మరీ కొట్టొచ్చినట్టు కనిపించదు. మసక వెలుతురు, రాత్రి, గుర్రపుడెక్క సందులు అయితే నల్లది, ఆకారం కత్తిరించినట్టు కనబడాలి.

నీళ్ల మధ్యలో నడిచే లూర్‌ను చేప ఎక్కువగా పక్క నుంచి చూస్తుంది. అప్పుడు వెనక ఉండేది నీళ్ల రంగే. పచ్చ నీళ్లయితే వెనకంతా పచ్చటి మసక వెలుగు. అంతే వెలుగున్న లేత పచ్చ లూర్ అందులో కలిసిపోతుంది. కలిసిపోవడం ఎప్పుడూ తప్పు కాదు. తేట నీళ్లలో, గాలాలకు అలవాటు పడి బెదిరిపోయే చేపల దగ్గర సగం కలిసిపోయే రంగే కావాలి. దూరం నుంచే కనిపించాలంటే మాత్రం వెనకటి వెలుగు కన్నా బాగా తెల్లగానో బాగా నల్లగానో ఉండాలి. అడుగున గెంతించే జిగ్‌ను చేప పై నుంచి చూస్తుంది, వెనక బురదో ఇసుకో రాళ్లో ఉంటాయి. నల్ల బురద మీద నల్ల జిగ్ కంటికి ఆనదు, తెల్ల ఇసుక మీద అదే కొట్టొచ్చినట్టు కనబడుతుంది. చేప కూడా అడుగునే ఉండి పక్క నుంచి చూస్తే లెక్క మళ్లీ మారిపోతుంది. అందుకే అడుగు జిగ్‌లకు రెండు రంగుల స్కర్టు (గాలం చుట్టూ ఉండే పోగుల కుచ్చు), గోధుమ రంగులో కొన్ని నారింజ పోగులలాంటిది, ఒకే రంగుకన్నా భద్రం.

ఇప్పుడు నీళ్లనూ వెలుతురునూ కలిపి చూద్దాం.

తేట నీళ్లు, నడినెత్తిన ఎండ: చేప దూరం నుంచే చూస్తుంది, తీరిగ్గా పరీక్షిస్తుంది. ఇక్కడ ఆ నీళ్లలోని మేత చేప రంగులే: ముదురు వీపు, వెండి పక్కలు, తెల్ల పొట్ట. సాఫ్ట్ ప్లాస్టిక్‌లలో, అంటే మెత్తటి ప్లాస్టిక్ లూర్లలో, పొగ రంగు, పుచ్చకాయ తొక్క పచ్చ, సన్నటి మెరుపు రేకలు కలిసిన పారదర్శకపు రంగులు. వెలుతురు ఒంటి గుండా దూరితే అసలు చిన్న చేపలాగే ఉంటుంది. ఈ పరిస్థితిలో ఎక్కువగా జరిగే పొరపాటు మెరుపు ఎక్కువ కావడం. ఎండలో పెద్ద క్రోమ్ స్పూన్ (చెంచా ఆకారపు లోహపు లూర్) అద్దం పెట్టి కొట్టినట్టు మెరుస్తుంది, నిలకడ నీళ్లలో చేప బెదిరి పక్కకు తప్పుకుంటుంది. గాలి వీచి అలలు లేస్తే మాత్రం అదే స్పూన్ పనికొస్తుంది, అలల కింద వెలుతురంతా మిణుకుమిణుకుమంటుంటే ఇంకో మెరుపు వింతగా అనిపించదు.

తేట నీళ్లు, మబ్బు: వెలుతురు అన్ని వైపుల నుంచీ సమానంగా వస్తుంది, వెండి మెరవదు. అద్దం లాంటి ఒళ్లు చుట్టూ ఉన్న నీళ్లనే ప్రతిబింబించి వాటిలో కలిసిపోతుంది. వెండి పొలుసులున్న చేపలు అలాగే కదా దాక్కునేది. ఇలాంటప్పుడు ముత్యపు తెలుపు, పాల తెలుపు వెండికన్నా మేలు. మెరుపు అక్కర్లేకుండానే ఎటు నుంచి చూసినా తెల్లగా ఉంటాయి.

మసక పచ్చ నీళ్లు: ఇవే మనకు ఎక్కువగా దొరికేవి. పగలు షార్ట్రూజ్, తెలుపు, పచ్చ వీపు పసుపు పొట్ట లాంటివి. డికాషన్ నీళ్లలో బంగారం, రాగి, నారింజ, వాటికి నల్ల చారలు. రెండిట్లోనూ పారదర్శకపువి పక్కన పెట్టి గట్టి రంగులు వాడండి, వెలుతురు తక్కువైనప్పుడు పారదర్శకపు ప్లాస్టిక్ ఉత్త నీడలా మిగులుతుంది.

బురద: ఇక్కడ రంగు పెట్టెకన్నా చెవి ముఖ్యం అంటాను. గిలక్కాయ ఉన్న క్రాంక్‌బెయిట్ (లాగితే ఊగుతూ ఈదే చేప ఆకారపు లూర్), వెడల్పాటి గుండ్రటి బ్లేడు తిరిగే స్పిన్నర్‌బెయిట్ లూర్, నెమ్మది వేగం. చేప ముందు తన ఒంటి పక్కన గీతలా సాగే నాడులతో నీటి కదలికను పసిగట్టి దగ్గరికొస్తుంది, ఆఖరి జానెడు దూరంలోనే కన్ను పనిచేస్తుంది. ఆ జానెడు కోసం రంగు: ఎండ ఉండి లూర్ పైపైనే నడుస్తుంటే మెరుపు షార్ట్రూజ్, దాని మీద నల్ల వీపు. వెలుతురు తక్కువైతే, లేదా మీటరు దాటి లోతుకు వెళ్తే పూర్తి నలుపు, నలుపు నీలం. బురదలో సహజ రంగులు కట్టడం వృథా ప్రయాస. వేగంగా లాగడం అంతకన్నా పెద్ద తప్పు, చేప గుర్తుపట్టేలోపే లూర్ దాటిపోతుంది. కొత్త వాన నీళ్లు వచ్చి కలిసే చోట బురదకూ తేటకూ మధ్య గీత గీసినట్టు ఉంటుంది, వేట చేపలు బురద వైపు నక్కి తేట వైపు చూస్తుంటాయి. అక్కడ తేట వైపు లెక్కే వేసుకుని రంగు కట్టండి.

తెల్లవారుజాము, మునిమాపు గురించి ఒక అపోహ తీర్చాలి. ఆకాశం అంచు ఎర్రగా ఉంటుంది కాబట్టి ఎర్ర లూర్ వెలుగుతుందని చాలామంది నమ్మకం. సూర్యుడు అంత కిందుగా ఉన్నప్పుడు నేరుగా వచ్చే ఎర్ర వెలుతురులో ఎక్కువ భాగం నీటి మీద తగిలి జారిపోతుంది. లోపలికి దిగేది నడినెత్తి ఆకాశం నుంచి వచ్చే వెలుతురు, పొద్దు గూకాక అది నీలం. వాతావరణంలోని ఓజోన్ పొర గుండా ఏటవాలుగా చాలా దూరం రావడంలో నారింజ రంగు భాగం పోతుంది. దానికి తోడు చేప కన్ను కూడా అప్పుడు రంగు కణాలను వెనక్కి లాక్కుని, మసకలో చూసే కణాలను ముందుకు తెచ్చుకుంటుంది. అవి నీలిపచ్చకు స్పందిస్తాయి, ఎరుపుకు దాదాపు స్పందించవు. కాబట్టి మసక వేళ ఎరుపు అంటే నలుపే. నలుపుగా పనికొస్తుందంటే కట్టండి, ఎరుపుగా మాత్రం కాదు. వెలుతురు ఇంకా కాస్త ఉన్నంతసేపు తెలుపు, లేత నీలం, షార్ట్రూజ్. చీకటి ముదిరాక నలుపు. ఈ మార్పు జరిగే అరగంటా నిజంగా విలువైనది. మేత చేపల చూపు తడబడుతుంది, వేట చేపలు దాన్నే కనిపెట్టుకుని ఉంటాయి. ఆ అరగంటలో రంగులు మారుస్తూ కూర్చోకుండా రెండు రాడ్లకు ముందే చెరో లూర్ కట్టి ఉంచుకోండి.

రాత్రి వెన్నెల ఉన్నా లేకపోయినా పైపైన నడిచేదానికి నలుపే. నీటి ఒడ్డున దీపం వెలుగుతుంటే మాత్రం లూర్‌ను వెలుగులో వేసి నీడలోకి లాగండి, చేపలు నీడ అంచున ఉంటాయి. అక్కడ తెలుపు పనికొస్తుంది.

ఫ్లోరోసెంట్, గ్లో అనే రెండు మాటలను కలిపేసి వాడుతుంటారు. ఫ్లోరోసెంట్ రంగు అతినీలలోహిత, నీలం, పచ్చ వెలుతురును మింగి దాన్ని పసుపుగానో నారింజగానో మార్చి వదులుతుంది. అందుకే ఎర్ర వెలుతురు చేరని 6 మీటర్ల లోతులో కూడా ఫ్లోరోసెంట్ నారింజ నారింజగానే ఉంటుంది, మామూలు నారింజ మట్టి రంగుకు తిరుగుతుంది. కానీ అది వదిలిన నారింజ వెలుతురు కూడా చేప దాకా నీళ్లలోనే వెళ్లాలి. తేట నీళ్లలో కూడా 2 మీటర్లు దాటేసరికి మూడో వంతుకు పైగా పోతుంది. అంటే దగ్గర నుంచి చూసే చేపకే ఆ లాభం. మింగడానికి వెలుతురు లేని చీకట్లో ఫ్లోరోసెంట్ ఏమీ చేయదు. లూర్ నిజంగా ఫ్లోరోసెంటో కాదో తెలుసుకోవాలంటే చీకటి గదిలో యూవీ (అతినీలలోహిత) టార్చ్ వేసి చూడండి. అసలుదైతే నిప్పులా రాజుకుంటుంది, ఉత్త పసుపు మందంగా ఉండిపోతుంది.

గ్లో రంగు వెలుతురును దాచుకుని చీకట్లో నెమ్మదిగా వదులుతుంది. యూవీ టార్చ్‌తో పదిహేను నుంచి ముప్పై సెకన్లు పట్టిస్తే చాలు. మొదటి నిమిషాల్లో బాగా వెలిగి త్వరగా తగ్గుతుంది, అందుకని పది పదిహేను నిమిషాలకోసారి మళ్లీ పట్టించాలి. స్ట్రాన్షియం అల్యూమినేట్ కలిపిన రంగు పాత జింక్ సల్ఫైడ్ రంగుకన్నా చాలా ఎక్కువసేపు నిలుస్తుంది. లోతు నీళ్లలో ఒళ్లంతా వెలిగే లూర్‌కన్నా గ్లో చారలో, ఒక్క కన్నో ఉన్నది నాకు ఎక్కువ నమ్మకం. ఒళ్లంతా వెలిగితే చేప దీపాన్ని చూసినట్టే చూస్తుంది.

రంగు నిజంగా పనిచేసిందా, కాకతాళీయమా అన్నది తేల్చుకోవాలంటే పద్ధతి ఉండాలి. ఒకే మోడల్, ఒకే బరువు, ఒకే సైజు, రంగు మాత్రమే వేరైన రెండు లూర్లు తీసుకోండి. ఒకే చోట, ఒకే వేగంతో, పది విసుర్లకోసారి మార్చి మార్చి వేయండి. నాలుగు కాట్లలో మూడు తెల్లదానికి పడితే "ఈ రోజు తెలుపే" అని ప్రకటించేస్తారు జనం. నాణెం నాలుగుసార్లు ఎగరేస్తే మూడు ఒకవైపు లేదా నాలుగూ ఒకవైపు పడే అవకాశం 16లో 10. అంటే రంగుకు ఏ ప్రభావం లేకపోయినా సగానికి పైగా రోజుల్లో ఆ ఫలితమే వస్తుంది. ఎనిమిది కాట్లలో ఏడో, ఎనిమిదో ఒకేదానికి పడితే అప్పుడు నమ్మొచ్చు, అది ఉత్తినే జరిగే అవకాశం నూటికి ఏడు. అంత దాకా రంగును నాలుగో విషయంగానే చూడండి. లూర్ సరైన లోతుకు చేరుతోందా, వేగం సరిపోయిందా, సైజు అక్కడి మేత చేపకు దగ్గరగా ఉందా అన్నవి ముందు. అర మీటరు లోతు తప్పితే ఏ రంగూ కాపాడదు.

చేప ఇచ్చే సూచనలు కూడా చూడాలి. అసలు ఏదీ రావట్లేదంటే రంగు మార్చకండి, చోటో లోతో మార్చండి. వెంట వచ్చి దగ్గర్లో తిరిగిపోతోందంటే అది లూర్‌ను చూసింది, దగ్గర నుంచి నచ్చలేదు. మెరుపు తగ్గించండి, ఒక మెట్టు సహజ రంగుకు దిగండి, ఇంకా కాకపోతే సైజు తగ్గించండి. తోకనే కొరికి వదిలేస్తుంటే తల దగ్గర ఒక గుర్తు పెట్టండి. ఎర్ర తల తెల్ల ఒళ్లు లూర్ ఏళ్ల తరబడి అమ్ముడవడానికి నాకు తోచే కారణం ఇదే: ఎరుపు నల్లబడినా తెలుపుతో తేడా నిలుస్తుంది, కాటు ఎక్కడ వేయాలో చేపకు గురి దొరుకుతుంది.

కొత్తగా పెట్టె సర్దుకునేవాళ్లయితే ఒకే మంచి మోడల్‌లో నాలుగు రంగులు చాలు: ముత్యపు తెలుపు, నల్ల వీపు షార్ట్రూజ్, ముదురు వీపు వెండి పక్కల సహజ రంగు, పూర్తి నలుపు. డికాషన్ నీళ్లు మీ దగ్గర ఉంటే ఐదోది బంగారం. నాలుగు మోడళ్లలో ఒక్కో రంగు కొనడం కన్నా ఇది చాలా మేలు, పోల్చి చూడటానికి వీలుంటుంది.

రంగు పాడవకుండా చూసుకోవాలి కూడా. ఫ్లోరోసెంట్ రంగు ఎండకు వెలిసిపోతుంది, కారు వెనకద్దం దగ్గర ఒక వేసవి ఉంచితే మిగిలేది పాలిపోయిన పసుపే. మళ్లీ రంగు వేయాలంటే కింద తప్పనిసరిగా తెల్ల పూత ఉండాలి. నల్ల పూత మీద వేస్తే ఫ్లోరోసెంట్ చచ్చిపోతుంది, ఎందుకంటే అది పారదర్శకపు పూత, కిందికి దిగిన వెలుతురును తెలుపు వెనక్కి పంపాలి. పైన వేసే ఎపాక్సీ (ఆరి గట్టిపడే పారదర్శకపు పూత) చవకరకంది అయితే ఏడాదిలో పసుపు పడి నీలం లూర్‌ను పచ్చగా మారుస్తుంది. మసకబారిన రాగి బ్లేడును టూత్‌పేస్ట్‌తో రుద్ది కడిగితే మెరుపు తిరిగొస్తుంది. సాఫ్ట్ ప్లాస్టిక్‌లను రంగుల వారీగా వేర్వేరు సంచుల్లో పెట్టండి. ఎర్రవీ నల్లవీ తెల్లవాటితో కలిపి పెడితే వారంలో తెల్లవాటికి గులాబీ మరకలు పడతాయి, ఆ మరక కడిగితే పోదు. గట్టి లూర్లతో కలిపి పెట్టినా ప్లాస్టిక్ కరిగి పెయింట్‌కు అంటుకుంటుంది.

ఒడ్డు మీద అత్యవసరానికి రెండు పర్మనెంట్ మార్కర్లు చాలు, నల్లదొకటి, ఎర్రదొకటి. తెల్ల లూర్‌ను గుడ్డతో పూర్తిగా తుడిచి, ఆరాక వీపు మీద నల్ల గీత లాగి, రెండు నిమిషాలు ఆగి నీళ్లలో వేయండి. తడి మీద గీస్తే మొదటి విసురుకే పోతుంది. ఎర్రది గొంతు కింద బొటనవేలి గోరంత పూయండి. బురద నీళ్లకు ఇదే లూర్ కావాలంటే ఒళ్లంతా నలుపు నింపేయొచ్చు. ఇంటికొచ్చాక స్పిరిట్‌తో తుడిస్తే చాలా పెయింట్ల మీద మరక పోతుంది, మెరుపు పూత ఉన్నవాటి మీద మాత్రం ముందు మూలన కాస్త రుద్ది చూసుకోండి.